చుట్ల బాట

నానక్‌రామ్‌గూడలో అద్దాల మేడల వెనక, షేరింగు ఆటోలు మలుపు తిరిగే చోట ఒక సన్నటి సందు ఉంది. ఆ సందులో చివరి ఇల్లు ఎలీశమ్మది. మందిరంలో పాట ఎవరు మొదలుపెట్టినా రెండో చరణానికి అందరూ ఆమె గొంతు వెంట నడిచేవాళ్లు. అంత గొంతున్న మనిషి మాటకు మాత్రం పిసినారి. పొద్దంతా మాట్లాడే నాలుగు మాటల్లో మూడు మొగుణ్ని దెప్పేవే.

ఆమె పుట్టింది జహీరాబాద్ అవతల చెరుకు పండే ఊళ్లో. ఐదో తరగతి దాకా మందిరం బడిలో చదివింది. వేలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ వాక్యం చదవగలదు. మొగిలికిచ్చి పెళ్లి చేశారు. ఊరికి ఆయన మొగిలి, బాప్తిస్మం పేరు మోషే. పట్నమొచ్చి మొదట ఆటో నడిపాడు, తర్వాత కంపెనీ క్యాబుకు మారాడు. కిరాయి ఇల్లు మారినప్పుడల్లా ఎలీశమ్మ సామాను మూట కడుతూ అనేది:

"ఏం పేరు పెట్టిండ్రయ్యా నీకు! ఆ మోషే నలభై ఏండ్లు తిప్పిండు, ఇల్లు మాత్రం చూపియ్యలే. నువ్వు గూడ గంతే."

"ఆయన నడిపిచ్చి తిప్పిండు. నేను బండ్ల తిప్పుతున్న. గదన్న చూడవా?" అనేవాడు మొగిలి.

వాళ్లు వచ్చిన కొత్తలో ఆ చుట్టుపక్కల ఇంకా గుట్టలుండేవి. బండలు పేల్చే మోతకు ఇంట్లో గిన్నెలు కదిలేవి. ఆ దుమ్ములోనే ఒక రేకుల షెడ్డులో మందిరం మొదలైంది. కూలికొచ్చిన ఆడవాళ్లే తట్టలతో మొరం మోసి నేల చదును చేశారు. ఎలీశమ్మ కూడా మోసింది. ఇప్పుడది స్లాబు మందిరం. పొద్దున ఇంగ్లీషు ఆరాధన, అది ముగిశాక తెలుగు ఆరాధన. మొదటిదానికి కార్లొస్తయి, రెండోదానికి చెప్పులొస్తయి అని మొగిలి ఎగతాళి చేసేవాడు.

చాలా ఏళ్ల ఎదురుచూపు తర్వాత, ఎన్ని ఉపవాసాలకో వాళ్లకు షారోను పుట్టింది. ఒక్కతే. ఇంటర్లో చేరి, తల్లికంటే పొడుగు పెరిగినా, రోడ్డు దాటేటప్పుడు తల్లి చిటికెన వేలు పట్టుకునేది.

"సిగ్గు లేదానే? ఎవరన్న చూస్తే నవ్వుతరు."

"నాకోసం కాదమ్మా, నీకోసం. క్యాబు కనబడితే నాయినదేమో అని నడి రోడ్డు మీద నిలబడిపోతవ్."

ఆ పిల్ల కిందటి వానాకాలం జ్వరంతో పోయింది. రక్తంలో కణాలు పడిపోతున్నాయన్నారు, ఎక్కిస్తున్నామన్నారు, ఇగ లేదన్నారు. పట్నం సమాధుల తోటలో జాగ దొరకలేదు. మొగిలి సొంత ఊరికి తీసుకపోయి, ఆయన నాయిన సమాధి పక్కన పెట్టి వచ్చారు. ఆదరణ కూడికకు సంఘమంతా వచ్చి పాడింది, తిన్నది, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. తల్లి పోయి కూర్చుందామంటే బిడ్డ సమాధి జిల్లా అవతల ఉంది.

అప్పటినుంచి ఎలీశమ్మ గొంతు మూగబోయింది. పాటప్పుడు పెదవులు కదిలేవి, అంతే. మోకాళ్లూనితే ప్రార్థన వచ్చేది కాదు. "ఎందుకు ప్రభువా" అన్న మాట దగ్గరే ఆగిపోయేది. ఆగిపోయినా, ఆ ఒక్క మాటన్నా అంటూనే ఉండేది. అది గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తర్వాత అది కూడా పోయింది.

మందిరం వెనక ఖాళీ జాగలో ఆదివారాలు పిల్లలు ఆడుకునేవాళ్లు. ఒకరోజు చూస్తే ఆ జాగంతా కంకర పరిచి ఉంది. కంకర మీద తెల్ల రాళ్లు వరసలుగా పేర్చి, ఒకదానిలో ఒకటి చుట్లు. ఒక పక్కన లోపలికి పోయే సందు. నడుమ ఒక నున్నటి నల్లరాయి. ఇంగ్లీషు ఆరాధనకొచ్చే ప్రవీణ గారు చేయించింది. ఆమె ఏలూరు వైపు మనిషి, మాదాపూర్‌లో పెద్ద ఉద్యోగం. మాట మెత్తన, మనసు మంచిది. షారోను దవాఖానలో ఉన్నప్పుడు రక్తమివ్వడానికి ఆఫీసు నుంచి మనుషుల్ని తీసుకొచ్చింది కూడా ఆమే.

"దీన్ని లాబిరింత్ అంటారండి," అని తెలుగు ఆడవాళ్లకు ఆమే చెప్పింది. "పూర్వం యెరూషలేము వెళ్లలేనివాళ్లు చర్చిలో ఇలా నడిచేవాళ్లని చెప్తారు. తప్పిపోయే దారి కాదు, ఒకటే దారి. చెప్పులు విడిచి, మాట్లాడకుండా, నెమ్మదిగా నడవాలి. మధ్యకి వెళ్లి నిలబడితే మన లోపల ఉన్న దేవుడు మాట్లాడతాడండి."

"కార్లు పెట్టుకునేటందుకు గీసిండ్రేమో అనుకున్న," అన్నది ఒకామె. అందరూ నవ్వారు. ఆ పొద్దు నుంచి ఆడవాళ్ల నోట దాని పేరు చుట్ల బాట.

మొగిలి నడుం మీద చేతులేసుకుని దాన్ని చూశాడు. "గింత జాగల గన్ని మలుపులా? దీనికంటే మా కొండాపూర్ సిగ్నలే నయం."

ఎలీశమ్మ నవ్వలేదు. ఆడవాళ్లంతా వెళ్లిపోయాక ఒక్కతే చెప్పులు విడిచి లోపలికి నడిచింది. నడుమకు చేరినట్టే చేరుతుంది, బాట మళ్లీ బయటి అంచుకు తీసుకపోతుంది. చివరకు నల్లరాయి ఎక్కి కళ్లు మూసుకుంది. ఎండకు రాయి వెచ్చగా ఉంది. అప్పుడు ఆమె కుడిచేతి చిటికెన వేలిని ఎవరో పట్టుకున్నారు.

కళ్లు తెరిస్తే ఎవరూ లేరు. వేలు మీద మాత్రం పట్టు ఇంకా ఉన్నట్టే ఉంది.

ఇగ ఆమెను ఆపేవాళ్లెవరు? మొగిలి డ్యూటీకి పోగానే పొయ్యి ఆపి మందిరానికి పోయేది. కొన్నిసార్లు వేలు తగిలేది, కొన్నిసార్లు తగిలేది కాదు. తగలనిరోజు మళ్లీ మొదటినుంచి నడిచేది. నల్లరాయి మీద నిలబడి బిడ్డకు ముచ్చట్లు చెప్పేది. మీ నాయినకు షుగరొచ్చిందే. నీ దోస్తు పరీక్ష పాసైంది. పక్కింటోళ్లు ఖాళీ చేసి పోయిండ్రు. ముఖంలో రంగు తిరిగింది, అన్నం సయించింది. దేవుడు ఆదరించాడని సంఘంలో అందరూ అనుకున్నారు.

ఒక ఆదివారం ప్రవీణ తెలుగు ఆరాధనకు వచ్చి, "ఎలీశమ్మ సిస్టర్, మీ అనుభవం సాక్ష్యంగా చెప్పండి. ఎంతమందికో ధైర్యం వస్తుంది," అన్నది. ఎలీశమ్మకు మైకు అలవాటే, మాట్లాడటమే అలవాటు లేదు. అయినా నిలబడింది.

"నా బిడ్డ పోయింది, మీకందరికి ఎరకే. ఆ చుట్ల బాటల నడిచి నడుమ నిలబడితె, నా బిడ్డ వచ్చి నా చిటికెన వేలు పట్టింది. దేవునికి స్తోత్రం."

"స్తోత్రం!" అన్నది సంఘమంతా. ముసలి అయ్యగారు మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. చనిపోయినవాళ్ల జాడ వెతకొద్దని చెప్పే వాక్యం ఆయనకు తెలియనిది కాదు. కానీ ఇన్ని నెలల తర్వాత నోరు తెరిచిన తల్లిని ఏమనగలడు? తలవంచి ప్రార్థన మొదలుపెట్టాడు.

ఆ సాక్ష్యాన్ని వెనక వరసలో ఒకామె ప్రాణం చెవుల్లో పెట్టుకుని విన్నది. ఆమె బాలమ్మ. పాలమూరు వైపు మనిషి, ఎదురు మేడలో ఊడ్చి తుడిచే పని. కొత్తగా మందిరానికి వస్తున్నది, ఇంకా బాప్తిస్మం కాలేదు. ఆమె కొడుకు కుమార్ ఒక పెద్ద కట్టడం దగ్గర పై అంతస్తు నుంచి జారిపడి పోయాడు. మర్నాడు ఆమె మంచినీళ్ల ట్యాంకరు దగ్గర బిందె పక్కన పెట్టి ఎలీశమ్మ చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నా పోరడు గూడ వస్తడా?"

"వస్తడేమో. నడువు," అన్నది ఎలీశమ్మ.

తానే చెయ్యి పట్టి తీసుకపోయింది. బాలమ్మ నల్లరాయి మీద చాలాసేపు నిలబడింది. చీర కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వచ్చింది.

"రాలే."

"జర నిమ్మలంగ నడవాలె. తొందర పడ్డవ్."

మరునాడు నిమ్మలంగా నడిచింది. రాలేదు. ఆ మరునాడు కళ్లు మూసుకుని నడిచి రాళ్లు తన్నుకుంది. అప్పుడూ రాలేదు. ప్రవీణ కనబడితే ఆమెనే అడిగింది.

"మనసు ఖాళీ చేసుకోవాలండి. ఏదీ ఆశించకుండా నడవాలి."

"మనసు ఖాళీ చేస్తె మల్ల నా కొడుకు ఏడుంటడు మేడం?" అన్నది బాలమ్మ.

ఇంటికి పోయే దారిలో బాలమ్మ ఎలీశమ్మకు తన లోపలి మాట బయటపెట్టింది. కుమార్ ఆ పొద్దు పనికి పోనని పడుకున్నాడు. తాగి వచ్చాడనుకుని ఆమె తిట్టింది. "పో, పనన్న చెయ్యి, లేకుంటె సావు" అన్నది. వాడు అన్నం తినకుండా పోయాడు.

"వాడు అలిగిండక్కా. నీ బిడ్డకు నువ్వంటె పానం, వచ్చింది. నా కొడుకు నా మొకం సూడనంటున్నడు."

ఎలీశమ్మ కాదు అనాలి. కాదంటే, తనకు వచ్చిందేమిటో కూడా చెప్పాల్సి వస్తుంది. "దేవుడు పెద్దోడు బాలమ్మా," అని ఊరుకుంది.

ఎండలు ముదిరాయి. ఒకనాడు మిట్టమధ్యాహ్నం మందిరం వాచ్‌మన్ మొగిలికి ఫోన్ చేస్తే, మొగిలి ఇంటికి ఫోన్ చేశాడు. "నువ్వు జల్ది పో. ఆ బాలమ్మ మందిరం కాడ పొర్లుతున్నదట."

ఎలీశమ్మ పోయేసరికి బాలమ్మ తడిచీరతో కంకర మీద పొర్లుతున్నది. వాళ్ల ఊరి జాతరలో మొక్కు చెల్లించేవాళ్లు గుడి చుట్టూ పొర్లుదండాలు పెట్టినట్టు, చేతులు తలపైకి చాచి, చుట్ల బాట వెంట దొర్లుతున్నది. అలిగిన దేవతకు పొర్లుదండం పెడితే కరుగుతుందని ఆమెకు చిన్నప్పటినుంచి తెలుసు. అలిగిన కొడుక్కీ అదే చాలుతుందనుకుంది. బాట మనిషి నడిచేంత వెడల్పే, పొర్లేంత వెడల్పు లేదు. మోచేయి తగిలి ఒక తెల్లరాయి పక్కకు జరిగింది. "తప్పింది, మల్ల మొదటికెల్లి," అని గొణుక్కుంటూ మోకాళ్ల మీద పాకి సందు దగ్గరికి వచ్చి మళ్లీ పడుకుంది. కంకర నిప్పుల్లా కాలుతున్నది. మోచేతులు, మోకాళ్లు చెక్కుకుపోయాయి. వాచ్‌మన్ నీళ్ల సీసా పట్టుకుని, పరాయి ఆడమనిషిని ముట్టుకోలేక నిలబడ్డాడు.

ఎలీశమ్మ రాళ్ల వరసలన్నీ అడ్డంగా దాటుకుంటూ ఉరికింది. బాట వెంట పోవాలని కూడా తోచలేదు. బాలమ్మ భుజాలు పట్టి లేపబోతే ఆమె విదిలించుకుంది.

"ముట్టకు! ముడితే మల్ల మొదటికొస్తది."

"సస్తవే! లెయ్యి."

"సస్తె సస్త. వాడన్న కనవడతడు."

ఎలీశమ్మ ఆమె పక్కనే కాలే కంకర మీద కూలబడింది. "బాలమ్మా, నా మాటిను. అది నా బిడ్డ చెయ్యి కాదు. నా ఆశనే. అది నా వేలు మీదనే ఉన్నది, ఈ రాళ్లల్ల లేదు. నీ కొడుకు అలగలే, నా బిడ్డ రాలే."

బాలమ్మ దుమ్ము కొట్టిన ముఖం తిప్పి చూసింది. ఆ చూపులో కృతజ్ఞత లేదు.

"మైకుల చెప్పింది నిజమా, నా చెవుల చెప్పేది నిజమా? అందరి ముంగట బిడ్డ వచ్చిందంటివి. ఇప్పుడు నేను దెబ్బలు తగిలిచ్చుకుంటె, పాపమని రాలేదంటున్నవ్. నీకు దొరికింది. నాకు దొరకొద్దు. గంతే గద?"

వాచ్‌మన్, ఎలీశమ్మ కలిసి ఆమెను దవాఖానకు తీసుకపోయారు. కట్టు కడుతుంటే కూడా బాలమ్మ ఒకటే మాట అన్నది: మానినంక మల్ల పొర్లుత.

మర్నాడు పొద్దున్నే మొగిలి డ్యూటీకి పోయే ముందు గడప మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఎలీశమ్మ జరిగిందంతా చెప్పింది. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"నేను గూడ నడిచిన."

"ఏడ?"

"గాడనే, చుట్ల బాటల. నువ్వు సాక్ష్యం చెప్పినంక. శానసార్లు. డ్యూటీ దిగి వస్తుంటె బండి ఆపి. నాకు రాలే. బిడ్డ దవాఖానల ఉన్నప్పుడు డ్యూటీకి పోయిన గద, అందుకే నాయిన మీద పానం లేదేమో అనుకున్న."

"నాకు చెప్పలే?"

"ఏం చెప్తనే? నువ్వు నవ్వుతుంటివి."

ఆయన వెళ్లిపోయాక ఎలీశమ్మ ఆ గడప మీదే కూర్చుంది. ఆ రాయి తనకు ఇచ్చిందేమిటో, పక్కనున్నవాళ్ల దగ్గర గుంజుకున్నదేమిటో అప్పుడు కనబడింది. ఇంకొకటి కూడా కనబడింది. తాను ప్రభువుతో మాట్లాడి ఎన్నాళ్లయింది? ఒకప్పుడు "ఎందుకు" అనన్నా అడిగేది. చుట్ల బాట మొదలైనాక అది కూడా అడగలేదు. సాయంత్రం మొగిలి కుటుంబ ప్రార్థన చేస్తుంటే, ఎప్పుడైపోతుందా, ఎప్పుడు తెల్లారుతుందా, ఎప్పుడు రాయి దగ్గరికి పోదామా అని చూసేది. దేవుని కోసమని పోయిన చోట దేవుణ్నే మరిచిపోయింది.

నోరు మూసుకుంటే పోయేదేమీ లేదు, వేలు ఉంటుంది. నోరు తెరిస్తే బిడ్డ రెండోసారి పోతుంది. ఆ వారమంతా ఆమె అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. మందిరానికి మాత్రం పోలేదు.

శనివారం ప్రవీణే ఇంటికి వచ్చింది. బాలమ్మ సంగతి విని భయపడిపోయింది. కుర్చీ వేస్తే కూర్చోకుండా, ఎలీశమ్మతో పాటు గడప మీదే కూర్చుంది.

"ఆవిడ దాన్ని తప్పుగా అర్థం చేసుకుందండి. మనం సరిగ్గా నేర్పించాలి."

"ఎవరికెంత నేర్పుతరమ్మా? నేర్చుకున్నోళ్లకు వస్తది, రానోళ్లకు రాదు. గట్లుంటే అది కృప ఎట్లయితది?"

"నాకు ఉద్యోగం పోయి ఇంట్లో ఉన్నప్పుడు దాంట్లో నడిచే బతికానండి నేను. ఆ ప్రశాంతత అబద్ధం కాదు."

"అబద్ధమని నేనంటనా? నిమ్మలం మంచిదే. గోలీ ఏసుకున్నా నిమ్మలమైతది. నిమ్మలమైన ప్రతిదాన్ని దేవుడంటె ఎట్లమ్మా?" ఎలీశమ్మకు ఇంత మాట్లాడటం కొత్త. ఊపిరి తీసుకుని మళ్లీ అన్నది. "లోపలున్న దేవుడు మాట్లాడుతడన్నరు. నా లోపల ఏముంటదమ్మా? నా బిడ్డ ఉన్నది. లోపలికి పోయిన, నాకు నేనే దొరికిన. ఆయన బయటికెల్లి రావాలె. శిష్యుల పడవ కాడికి నీళ్ల మీద నడిచొచ్చినట్టు."

"రేపు ఏం చేస్తారు?"

"చెప్పిన సాక్ష్యం వాపసు తీసుకుంట."

ప్రవీణ వెళ్లడానికి లేచి, "నన్ను తప్పుపట్టినట్టు అవుతుందండి," అన్నది.

"మైకు పట్టింది నేను. నా మీదనే వేసుకుంట."

ఆ సంఘంలో సాక్ష్యం చెప్పినవాళ్లను అందరూ చూశారు కానీ, చెప్పిన సాక్ష్యాన్ని వాపసు తీసుకున్నవాళ్లను ఎవరూ చూడలేదు. ఆదివారం అయ్యగారు "ఎవరైనా సాక్ష్యాలు" అనగానే ఎలీశమ్మ లేచింది. ముందుకు పోయి మైకు అందుకుంది. వెనక వరసలో చేతులకు కట్లతో బాలమ్మ. తలుపు దగ్గర ప్రవీణ.

"నేను మొన్న ఒక సాక్ష్యం చెప్పిన. నా బిడ్డ వచ్చి వేలు పట్టిందని. రాలే. నా బిడ్డ ప్రభువు కాడ ఉన్నది. ఆడికెల్లి ఈ రాళ్ల కాడికి రాదు. మనమే ఒకనాడు పోవాలె. వాక్యంల బిడ్డ పోయిన ఒక రాజు గూడ గదే మాటన్నడు, లేసి అన్నం తిన్నడు. నాకు తినబుద్ధి కాలే, అందుకే గట్ల అనుకున్న. నేను నడిచిన బాటల ప్రభువు పేరు ఒక్కసారి గూడ తలవలే. నా మాటిని నడిచినోళ్లు ఎవరన్న ఉంటే, మీకేం కనవడకపోతే, మీల తప్పు లేదు. ఎవరూ మీ మీద అలగలే. నా మాట నేను వాపసు తీసుకుంటున్న."

ఆమెన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఆడవాళ్లలో ఒకామె, "అయ్యో, నిమ్మలమైతుండె, మల్ల ఖరాబైంది," అని పక్కామె చెవిలో అన్నది. మొగిలి తల వంచుకుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అయ్యగారు లేచి ఎలీశమ్మ తల మీద చెయ్యి పెట్టాడు.

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. బాలమ్మ లేచి బయటికి పోతున్నది. ఎలీశమ్మ మైకు అక్కడే పెట్టి ఆమె వెంట పోయింది.

బాలమ్మ చుట్ల బాట సందు ముందు నిలబడి ఉంది. లోపలికి అడుగు పెట్టలేదు.

"గిదొక్కటుండె నాకు. గిది గూడ తీస్తివి. ఇప్పుడు నేనేడికి పోవాలె?"

"ఏడికీ పోకు. ఈడనే కూసో."

"వాడు అలిగి పోయిండా, లేదా? నిజం చెప్పు."

"నాకు తెల్వది బాలమ్మా. నీ కొడుకు మనసుల ఏముండెనో నాకెట్ల తెలుస్తది? రాళ్లకు గూడ తెల్వది. వాడు పడేటప్పుడు చూసినోడు ఆయన ఒక్కడే. ఆయన్నడుగు."

"ఎట్లడగాలె? మీ లెక్క నాకు ప్రార్థన రాదు."

"ఆ పొద్దు కంకర మీద నన్ను తిట్టినవ్ గద. గట్లనే అడుగు."

బాలమ్మ ఆమెను నమ్మనట్టు చూసింది. తర్వాత అక్కడే, సందు బయట నేల మీద కూర్చుంది. కట్టు కట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుంది. అడగడం మొదలుపెట్టింది.

"ఏమయ్యా! నా పోరడు పడుతుంటె ఏడున్నవ్? చూసుకుంట నిలబడ్డవా? నేనన్న మాట వాడు మోసుకునే పాయెనా? సావు అన్న. తల్లినయ్యా, ఊకె అన్న! గది నీకు తెల్వదా? తెలిసి గూడ పట్టుకోకపోతివా?"

గొంతు పెరిగింది. ఆరాధన ముగిసి బయటికి వస్తున్నవాళ్లు ఆగిపోయారు. దేవుణ్ని అలా తిడుతుంటే ఎవరో ఊరుకోబెట్టడానికి ముందుకొచ్చారు. ఎలీశమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ప్రవీణ చెప్పులు తొడుక్కుంటూ ఒక కాలి మీదే నిలబడిపోయి వింటున్నది.

ఎలీశమ్మ బాలమ్మ పక్కన కూర్చుంది. తన చిటికెన వేలి మీద ఇప్పుడు ఏ పట్టూ లేదు. ఎండ ఇద్దరి మీదా పడుతున్నది. బాలమ్మ అడగాల్సినవి ఇంకా అయిపోలేదు.